శాంపిల్ మనుషులు

జూన్ 3, సోమవారం

ప్రివ్యూ ఇవాళ కూడా రాలేదు.

నేను చేస్తున్న యాప్‌లో సభ్యుడి స్క్రీన్ ఎలా ఉంటుందో ముందుగా ప్రివ్యూలో చూసుకోవాలంటే డేటాబేస్‌లోంచి ఒక సభ్యుడు రావాలి. ప్రివ్యూకి డేటాబేస్ ఉండదు. అందుకని నేనే ఒక ఉత్తుత్తి సభ్యుణ్ణి తయారుచేసి దాని చేతిలో పెట్టాలి. పెడుతూనే ఉన్నాను. అది తీసుకోవడం, కుప్పకూలడం. పొద్దున్నుంచీ ఇదే భాగోతం. పదిహేడో తారీకుకి స్క్రీన్లన్నీ చూపిస్తానని అరువు కొట్టాయనకి మాటిచ్చి కూర్చున్నాను. నిచ్చెనలు, డ్రిల్లు మిషన్లు, కుట్టు మిషన్లు చుట్టుపక్కల వాళ్ళకి ఊరికే వాడుకోమని ఇచ్చే కొట్టు అది. ఏ వస్తువు ఎవరి దగ్గరుందో చెప్పే యాప్ కావాలన్నాడు. ఓస్ ఇంతేనా అన్నాను. ఆ మాటన్న నోటిని ఏం చెయ్యాలో తెలియడం లేదు.

మధ్యాహ్నం భోజనాల దగ్గర అత్తయ్య, "పాత వీధిలో పోర్షనొకటి ఖాళీ అయిందట. మనకి తెలిసినాయనదే. నెలాఖరు దాకా ఎవరికీ ఇవ్వకుండా ఆపుతానన్నాడు" అన్నారు.

"మంచిదే కదా అత్తయ్యా" అన్నాను.

"మంచిదే" అన్నారు. మజ్జిగ పోసుకున్నారు. నేనూ పోసుకున్నాను.

మోకాలి ఆపరేషనప్పుడు మా ఆయన ఆవిడని ఇక్కడికి తీసుకొచ్చాడు. ఇప్పుడు మోకాలు బాగైంది, చకచకా మెట్లు దిగుతున్నారు. ఈయనేమో వంతెన పని మీద పోయి కూర్చున్నాడు, ఆదివారం సాయంత్రం తప్ప ఫోనుకి దొరకడు. పాత వీధిలో ఎవరింట్లో గిన్నె కింద పడ్డా అది ఏ గిన్నో ఆవిడకి తెలిసేది. ఇక్కడన్నీ మూసిన తలుపులే. వెళ్ళడమే సబబు. వెళ్తే ఆవిడ గదిలో నా టేబులు వేసుకోవచ్చు, మంచి కిటికీ కూడా ఉంది. ఎవరితోనూ చెప్పుకునే సంగతి కాదు గనక ఇక్కడ రాసుకుంటున్నాను. నాకేం బాధ లేదు.

జూన్ 4, మంగళవారం

రాలేదు. ఆ గదిలో టేబులు పడుతుందో లేదో కొలిచాను. పడుతుంది.

జూన్ 5, బుధవారం

వచ్చింది. వచ్చింది, వచ్చింది, ప్రివ్యూ వచ్చింది.

పదకొండింటికి అత్తయ్య కాఫీ పట్టుకొచ్చి నా వెనకాల నిలబడ్డారు. మామూలుగా ఇచ్చి వెళ్ళిపోతారు. ఇవాళెందుకో స్క్రీన్‌లోకి వంగి చూశారు.

"ఎవరమ్మా ఈ టెస్ట్ ఒకటి?"

"ఎవరూ కాదత్తయ్యా. ఉత్తుత్తి మనిషి. శాంపిలు."

"టెస్ట్ రెండు?"

"అతనూ అంతే."

"అన్నదమ్ములా?"

"కాదు."

"మరి ఒకళ్ళకొకళ్ళు ఏమవుతారు?"

"ఏమీ అవరు. కొట్టులో యాప్ మొదలయ్యాక అందులోకి అసలు మనుషులొస్తారు. అప్పటిదాకా ఎవరో ఒకరు ఉంటే గానీ నాకు స్క్రీన్ కనపడదు. అందుకని తాత్కాలికంగా ఒక పెట్టె లాంటిది చేసి, అందులో వీళ్ళని పెట్టి ప్రివ్యూకిస్తాను. అది మూసేస్తే పెట్టె మాయం, వీళ్ళూ మాయం."

"పాపం" అన్నారు అత్తయ్య. మళ్ళీ స్క్రీన్‌లోకి వంగి, "నిచ్చెన ఎవరి దగ్గరుంది?" అన్నారు.

"టెస్ట్ ఒకటి దగ్గర."

"ఎప్పుడిచ్చావు?"

ఒళ్ళు మండింది గానీ పెద్దావిడ అడిగారు కదా అని కోడ్ మీద వేలు పెట్టి చూపించాను. "ఇదిగో, ముందు మనిషిని చేశాను. ఇక్కడ నిచ్చెనని చేశాను. నిచ్చెన అతని చేతికిచ్చాను. అప్పుడు ఇద్దర్నీ పెట్టెలో..."

నోరు తెరుచుకుని ఆగిపోయాను. అతనికి పెళ్ళయిందా అని అత్తయ్య ఏదో అడుగుతున్నారు, నాకు వినపడడం లేదు. పెట్టెలోకి ఇంకా రాని మనిషికి, పెట్టెలోకి ఇంకా రాని నిచ్చెన ఇచ్చాను. ఎవరెవరో దానికెలా తెలుస్తుంది, కూలబడక ఏం చేస్తుంది. రెండు లైన్లు కింద నుంచి పైకి తెచ్చాను. ముందు ఇద్దరూ లోపలికి, ఇచ్చిపుచ్చుకోవడాలు తర్వాత. స్క్రీన్ కళకళలాడుతూ వచ్చేసింది.

కుర్చీలోంచి లేచి గంతేశాను. అత్తయ్య కాఫీ కప్పు దూరంగా జరిపి, "అయితే అయిందా పెళ్ళి?" అన్నారు.

"ఎవరికి?"

"టెస్ట్ ఒకటికి."

"అవలేదత్తయ్యా."

"సరే, నేను చూస్తాలే" అన్నారు.

జూన్ 7, శుక్రవారం

అత్తయ్యకి టెస్ట్ ఒకటీ రెండూ నచ్చలేదు. ముక్కూ మొహం లేని వాళ్ళని పెట్టుకుని ఏం పని చేస్తావు, వాళ్ళకసలు నిచ్చెనెందుకు, ఏ అవసరానికి తీసుకున్నారు అని నిన్నంతా నా ప్రాణం తీశారు. ఇవాళ కుర్చీ తెచ్చుకుని పక్కనే కూర్చున్నారు. మీరు చెప్పండి, నేను వేస్తాను అన్నాను, తొందరగా వదిలిపోతుందని.

"పేరు దగ్గర ఏం రాయను?"

"పేర్లొద్దు. పేరు పెడితే ఎక్కడో ఎవడికో ఒకడికి తగులుతుంది. నాకెందుకొచ్చిన గొడవ. మా వీధిలో ఎవర్నైనా పేరు పెట్టి అనుకున్నామా ఎప్పుడైనా?"

అలా వచ్చాడు నిచ్చెన పెద్దమనిషి. ఒక్క బల్బు మార్చుకుని సాయంత్రానికి ఇచ్చేస్తానని తీసుకెళ్ళాడు. ఆ బల్బు మాడిపోయింది, దాని తర్వాత బల్బూ మాడిపోయింది, నిచ్చెన మాత్రం గడప దాటలేదు. అడుగుదామని వెళ్ళి తలుపు కొడితే లోపల టీవీ చప్పుడు ఠక్కున ఆగిపోతుంది, తలుపు మాత్రం తెరుచుకోదు. తర్వాత డ్రిల్లు దంపతులు. పోట్లాడుకున్నప్పుడల్లా ఆయన గోడకో చిల్లు పెడతాడు, రాజీ పడ్డాక ఆవిడ ఆ చిల్లుకో ఫోటో తగిలిస్తుంది. ఇప్పుడు హాల్లో గోడ కనపడదు. ఆ తర్వాత కుట్టు మిషను పిన్నిగారు. మిషను తీసుకెళ్ళిన దగ్గర్నుంచి వీధిలో అందరి కిటికీలకీ ఒకే గుడ్డ తెరలు.

నవ్వి నవ్వి నా పక్కలు నొప్పెట్టాయి. ఆవిడ మాత్రం నవ్వరు. సాక్షి కోర్టులో చెప్తున్నట్టు చెప్తారు.

నాలుగో మనిషి దగ్గర వచ్చింది చిక్కు. "కుర్చీలోంచి లేవకుండా అందరి చేతా అన్నీ తెప్పించుకునే వదినగారు" అని పేరు దగ్గర కొట్టానో లేదో, వరస మొత్తం పక్కకి తన్నేసి 'తిరిగిచ్చారు' అన్న బటన్ స్క్రీన్ బయటికి పోయింది. టెస్ట్ ఒకటిని నమ్ముకుని ఉంటే ఇది యాప్ మొదలైన రోజు బయటపడేది, అప్పుడు నా మొహం ఎక్కడ పెట్టుకునేదాన్ని. పేరు రెండు వరసల్లోకి మడిచాను. వదినగారి పుణ్యమా అని బటన్ వెనక్కొచ్చింది.

జూన్ 8, శనివారం

కుట్టు మిషను పిన్నిగారికి ముగ్గురు తోడికోడళ్ళని చేర్చమన్నారు. యాప్‌లో తోడికోడళ్ళకి చోటు లేదన్నాను. అదేం యాపమ్మా అన్నారు.

జూన్ 9, ఆదివారం

మా ఆయన ఫోను. అమ్మ ఎలా ఉందన్నాడు. బాగున్నారు, నెలాఖరుకి పాత వీధికి వెళ్తానంటున్నారు అని చెప్పాను.

"నాకూ చెప్పింది. నువ్వేమన్నావు?"

"మంచిదే అన్నాను."

"ఉండమని అడిగావా?"

"అడిగితే కాదనలేక ఉంటారు. అలా మొహమాటపెట్టి ఉంచడం బాగోదు కదా."

 "అమ్మకి మొహమాటమా?" అన్నాడు. పైగా నవ్వొకటి. ఆ వంతెన దగ్గర గాలికి సరిగ్గా వినపడక పెట్టేశాను. వినపడింది, అయినా పెట్టేశాను.

జూన్ 12, బుధవారం

కూరగాయలు తీసుకుని లిఫ్టెక్కాను. ఒకటో అంతస్తు టీచరమ్మ కూడా ఎక్కింది. ఈ బిల్డింగుకి వచ్చిన దగ్గర్నుంచీ ఆవిడ నాతో మాట్లాడింది లేదు. ఇవాళ తలుపు మూసుకోగానే దగ్గరికి జరిగి, గొంతు తగ్గించి, "ఏమ్మా, ఆ నిచ్చెన సంగతి తేలిందా?" అంది.

"ఏ నిచ్చెనండీ?"

"అదే, బల్బు మారుస్తానని పట్టుకుపోయి ఇవ్వనాయన. మీ అత్తగారు చెప్పారు. తలుపు కొడితే టీవీ ఆపేస్తాడట కదా. ఎంత మనిషండీ."

కూరగాయల సంచి జారి కిందపడింది. బంగాళదుంపలు ఏరుకుంటూ ఆలోచిస్తే అప్పుడు వెలిగింది. అత్తయ్య పొద్దున్నే వాకింగని వెళ్తున్నారు. వాకింగ్ ఎక్కడ, కింద గేటు పక్క బెంచీ దాకా.

ఇంట్లోకి రాగానే, "అత్తయ్యా, కింద ఎవరెవరికి ఏమేం చెప్పారు?" అన్నాను.

"అబద్ధం ఏమన్నా చెప్పానా? ఉన్నవాళ్ళ గురించే చెప్పాను."

"ఎక్కడున్నారు?"

"నీ పెట్టెలో."

"వాళ్ళు శాంపిళ్ళత్తయ్యా."

"నాకు తెలీదూ? వాళ్ళడగలేదు, నేను చెప్పలేదు."

చిర్రెత్తుకొచ్చింది. రేపు పొద్దున్నే నేనే కిందికెళ్ళి అందరికీ అసలు సంగతి చెప్పేస్తానని గట్టిగా అన్నాను. చెప్పుకో, అన్నారు. వంటింట్లోకి వెళ్ళి స్టవ్ వెలిగిస్తూ ఏదో పాట కూనిరాగం తీస్తున్నారు. ఇక్కడికొచ్చాక ఆవిడ పాడగా నేనెప్పుడూ వినలేదు.

జూన్ 13, గురువారం

కిందికి వెళ్ళలేదు. పని ఎక్కువగా ఉంది.

జూన్ 14, శుక్రవారం

ఇవాళా వెళ్ళలేదు. వెళ్ళినా లాభం లేదు, చెయ్యి దాటిపోయింది. బెంచీ చాలక వాచ్‌మన్ గదిలోంచి కుర్చీలు తెచ్చుకుంటున్నారట. నిచ్చెన పెద్దమనిషి నాలుగో అంతస్తు పళ్ళ డాక్టరేనని టీచరమ్మ పందెం కాస్తోంది. డాక్టరు భార్య ఒప్పుకోవడం లేదు, మా ఇంట్లో బల్బు మాడితే కొవ్వొత్తితో గడిపేస్తాం గానీ ఆయన నిచ్చెనెక్కే రకం కాదంది. డ్రిల్లు దంపతులు మేమే అయ్యుంటామని ఐదో అంతస్తు కొత్త జంట మురిసిపోతున్నారట. ఇవన్నీ నాకు ఎవరు చెప్పారు? అత్తయ్యే, భోజనాల దగ్గర. ఇది వరకు మా భోజనాలు గబగబా అయిపోయేవి. ఇవాళ చెయ్యి ఎండిపోయినా ఇద్దరం లేవలేదు.

"అత్తయ్యా, ఆ పోర్షను..." అన్నాను మధ్యలో.

"ఆఁ, ఏంటి?"

"ఏం లేదు. నీళ్ళు బాగా వస్తాయా అక్కడ?"

"వస్తాయి" అన్నారు.

నీళ్ళ గురించి అడగాలని కాదు. పోనీలే.

జూన్ 17, సోమవారం

అరువు కొట్టాయన వచ్చాడు. పెద్ద మనిషి, పెద్ద గొంతు, కూర్చుంటే మా సోఫా కనపడలేదు. ఒక్కొక్క స్క్రీన్ ప్రివ్యూలో చూపించాను. వరసలు, బటన్లు, ఫోటోలు అన్నీ బుద్ధిగా నిలబడ్డాయి. ఆయన చూపు మాత్రం ఒకేచోట ఆగిపోయింది.

"ఈ నిచ్చెన పెద్దమనిషి ఎప్పుడు తీసుకున్నాడు?"

"కిందటేడండీ."

"కిందటేడా? ఇంకా ఇవ్వలేదా? ఫోన్ నంబరివ్వండి, నేను మాట్లాడతాను."

"అబ్బే, ఆయన లేడండీ."

"అయ్యయ్యో. ఎప్పుడు పోయాడు?"

అత్తయ్య గుమ్మం దగ్గర చీర కొంగు నోటికడ్డం పెట్టుకున్నారు. ఆయన్ని నేనే చేశానని, ప్రివ్యూ కోసమని, నిజం కాదని చెప్పి ఒప్పించేసరికి నా తల ప్రాణం తోకకొచ్చింది. నమ్మాక మాత్రం ఇల్లదిరిపోయేలా నవ్వాడు. నవ్వు ఆగాక, "నాదీ ఒక మడత నిచ్చెన పోయిందమ్మా. ఎవరికిచ్చానో ఎంత తన్నుకున్నా గుర్తు రాదు. అందుకే కదా ఈ యాప్ కావాలన్నది" అన్నాడు. తీసుకున్నవాళ్ళకి గుర్తుచేసే బటనొకటి పెట్టమన్నాడు, కానీ ఎవరికీ కష్టం కలిగించకూడదట, వాళ్ళంతా తనకి కావలసినవాళ్ళట. ఏం రాయాలో నాకు తోచలేదు. 'గడువు దాటింది' అని రాస్తే కోర్టు నోటీసులా ఉందన్నాడు.

"మా నిచ్చెన కులాసాగా ఉందా అని రాయండి" అన్నారు అత్తయ్య గుమ్మంలోంచి.

అదే పెట్టాం.

జూన్ 20, గురువారం

ఇది వివరంగా రాయాలి. లేకపోతే కొన్నాళ్ళకి నేనే నమ్మను.

సాయంత్రం బెల్లు మోగింది. తలుపు తీస్తే మూడో అంతస్తు మౌనస్వామి. అది మేం పెట్టిన పేరు కాదు, బిల్డింగంతా అలాగే అంటారు. పొడుగ్గా ఉంటాడు, ఒక్కడే ఉంటాడు, లిఫ్టులో ఎవరు పలకరించినా తలూపి ఊరుకుంటాడు. ఆయన చంకలో దుప్పటి చుట్టిన పొడుగాటి వస్తువేదో ఉంది.

"మీ అత్తగారున్నారా?" అన్నాడు. ఆయన గొంతు వినడం నాకదే మొదటిసారి.

లోపలికొచ్చి, ఆ దుప్పటి తీసి, మడత నిచ్చెన హాల్లో గోడకి ఆనించాడు. శుభ్రంగా తుడిచి తెచ్చాడు.  అత్తయ్య వైపు చూశాను.  "కూర్చోండి" అన్నారంతే.

కూర్చున్నాడు. చేతులు మోకాళ్ళ మీద పెట్టుకున్నాడు. "మీరు కింద రోజూ చెప్తున్నారని తెలిసింది. నా పేరు మాత్రం ఎక్కడా బయట పెట్టలేదట. అది మీ పెద్దమనసు" అన్నాడు.

అత్తయ్య తలూపారు. తలూపడమే. నేను లోపలికి పారిపోదామా అనుకున్నాను.

"నేను దాచేద్దామని తీసుకెళ్ళలేదండీ. బల్బు మార్చుకుని మర్నాడే ఇద్దామని వెళ్ళాను. ఆ రోజు కొట్టు మూసుంది. తర్వాత జ్వరమొచ్చి పడుకున్నాను. ఆ తర్వాత వెళ్తే ఇన్నాళ్ళేం చేశావంటాడని ఆగాను. ఆలస్యమయ్యే కొద్దీ మొహం చెల్లలేదు. ఎవరు తలుపు కొట్టినా దాని కోసమేననుకుని తీయడం మానేశాను." బాగా మొహమాటపడుతూ అడిగాడు, "అది సరే గానీ, తలుపు కొడితే టీవీ ఆపేస్తానని మీకెలా తెలిసిందండీ?"

నేను కిటికీ వైపు తిరిగిపోయాను. భుజాలు ఊగుతున్నాయేమోనని భయం.

అత్తయ్య మాత్రం ఎంతో నెమ్మదిగా, "అందరం అంతేనండీ. నేనూ ఇక్కడికొచ్చిన కొత్తలో బెల్లు మోగితే రేడియో కట్టేసి కూర్చునేదాన్ని. ఎవరో ఏమో, ఏం మాట్లాడాలో ఏమోనని" అన్నారు.

ఆ సంగతి నాకు తెలియదు. నేను బయటికెళ్ళినప్పుడు ఇంట్లో ఆవిడలా కూర్చునేవారని నాకు తెలియదు.

ఆయన కాఫీ తాగాడు, రెండు బిస్కట్లు తిన్నాడు, రెండోసారి కాఫీ తాగాడు. పాత టీవీలు బాగుచేయడం వచ్చట, ఉద్యోగం అదేనట. మాట్లాడటం మొదలుపెడితే మౌనస్వామికి ఆపడం తెలియదని తేలింది. ఆయన వెళ్ళాక తలుపు వేసి, అత్తయ్యా నేనూ ఒకళ్ళ మొహాలొకళ్ళం చూసుకున్నాం. అంతే. ఆవిడ ఇలా నవ్వుతారని నాకు తెలియదు. గోడ పట్టుకుని, నా భుజం పట్టుకుని, కళ్ళు తుడుచుకుని మళ్ళీ నవ్వు. నేను నేల మీద కూలబడ్డాను.

"పేరు పెట్టకపోయినా తగిలిందేంటే" అన్నారు ఆయాసపడుతూ. నన్ను 'ఏంటే' అనడం ఇదే మొదలు.

తర్వాత కప్పులు కడుగుతుంటే మామూలు గొంతుతో, "పోర్షనాయన మళ్ళీ ఫోన్ చేశాడు. ఏదో ఒకటి చెప్పమంటున్నాడు" అన్నారు.

"ఏం చెప్పారు?"

"ఏం చెప్పాలి?"

నేను తుడిచిన గట్టునే మళ్ళీ తుడిచాను. ఆవిడ కప్పులు బోర్లించి వెళ్ళిపోయారు.

జూన్ 21, శుక్రవారం

నిచ్చెనని ముగ్గురం కలిసి కొట్టుకి చేర్చాం. ముందు పక్క మౌనస్వామి, వెనక పక్క నేను, పక్కన దారి ఖాళీ చేయిస్తూ అత్తయ్య. బెంచీ వాళ్ళు అడిగితే, మా కోడలు యాప్‌లో ఫోటో పెట్టాలని కొత్త నిచ్చెన కొన్నదని చెప్పారు. నిచ్చెన పెద్దమనిషి సంగతేంటని టీచరమ్మ అడిగితే, ఆయన ఇల్లు మారిపోయాడన్నారు. మౌనస్వామి మెడ అప్పుడు గానీ నిటారుగా లేవలేదు.

కొట్టాయన నిచ్చెనని చూసి ఒక్క మాట కూడా అనలేదు. దాని మెట్లన్నీ ఒకసారి తడిమి చూసుకుని, "టీవీలు బాగుచేస్తారటగా, మా ఇంట్లో ఒకటుంది, చూస్తారా?" అన్నాడు మౌనస్వామితో. వాళ్ళిద్దరూ అటు వెళ్ళిపోయి అరగంటకొచ్చారు. వచ్చాక అత్తయ్యని పొద్దుటి పూట కౌంటరు దగ్గర కూర్చోమని అడిగాడు. ఎవరు ఏం తీసుకెళ్ళారో మీరైతే మర్చిపోరు అన్నాడు.

"నేను నెలాఖరుకి వెళ్ళిపోతున్నానండీ" అన్నారు అత్తయ్య.

కొట్టాయన నా వైపు చూశాడు. నేను అక్కడున్న డ్రిల్లు మిషన్ల వైపు చూశాను. మంచి మిషన్లే.

జూన్ 23, ఆదివారం

మా ఆయన అడిగాడు, అడిగావా అని. పని ఎక్కువగా ఉందన్నాను. నోట్లో మాట నోట్లోనే ఉంచుకోవడానికి ఇంత పనేంటో నాకే తెలియదు.

జూన్ 26, బుధవారం

యాప్ బయటికి వెళ్ళింది. పొద్దున్న కొట్టు తెరిచిన గంటలో టీచరమ్మ, డాక్టరు భార్య, ఐదో అంతస్తు జంట, వాచ్‌మన్ అందరూ సభ్యులైపోయారు. కొత్త జంట డ్రిల్లు మిషనే తీసుకున్నారు, కావాలని. మౌనస్వామి ఆ నిచ్చెననే మళ్ళీ తీసుకుని సాయంత్రానికి తిరిగిచ్చేశాడు. ఇవ్వడం ఎంత సులువో చూద్దామని తీసుకున్నాడట. ఎక్కడా ఒక్క స్క్రీన్ కూడా కూలలేదు. నేను గాల్లో తేలుతున్నాను.

ఇంటికొచ్చాక అత్తయ్య నా కంప్యూటరు ముందు కూర్చుని, "అయితే మన వదినగారూ వాళ్ళూ కొట్టులోకి వెళ్ళలేదా?" అన్నారు.

"లేదత్తయ్యా. అక్కడికి అసలు మనుషులే వెళ్తారు. వీళ్ళు ఇక్కడ నా దగ్గరే ఉంటారు. ఏ స్క్రీన్ మార్చినా ముందు వీళ్ళతోనే చూసుకోవాలి."

"తీసెయ్యవుగా?"

"తీసేస్తే నాకెలా కుదురుతుంది?"

ఆవిడ నా మొహంలోకి చూశారు, ఇంకేదైనా అంటానేమోనని. నేను కంప్యూటరు కట్టేశాను. బుద్ధి లేదు నాకు.

జూన్ 28, శుక్రవారం

ఇవాళ ఒక పని చేసేశాను.

అత్తయ్య స్నానానికెళ్ళారు. ఆవిడ ఫోన్ వంటింటి గట్టు మీద మోగింది. పెద్దవాళ్ళ ఫోన్ ఎత్తడం నాకిష్టం ఉండదు. ఆగింది. మళ్ళీ మోగింది. ఎత్తాను.

"అమ్మగారున్నారా? నేను పోర్షను ఓనర్నండీ. వేరేవాళ్ళు అడుగుతున్నారు. ఆవిడేమో రేపు చెప్తా, ఎల్లుండి చెప్తా అంటూ వచ్చారు. వస్తారో రారో తేల్చేస్తే..."

"రారండీ" అన్నాను.

"అంటే ఆవిడే చెప్పమన్నారా?"

"ఆవిడ రారు. ఇక్కడే ఉంటారు. వేరేవాళ్ళకి ఇచ్చుకోండి."

పెట్టేశాను. పెట్టేశాక తెలిసింది నేనేం చేశానో. ఫోన్ గట్టు మీద ఎక్కడుందో అక్కడే పెట్టాను. అత్తయ్య తల తుడుచుకుంటూ వచ్చి, "ఎవరు?" అన్నారు.

"పోర్షనాయన."

"ఏమన్నావు?"

"మీరు రారని చెప్పేశాను."

తువ్వాలు ఆగిపోయింది. "నన్నడిగావా?"

"లేదు."

"నా మాట నువ్వెలా చెప్తావు?"

"అడిగితే వెళ్తానంటారేమోనని భయమేసింది అత్తయ్యా. మీరు వెళ్తే నాకేం బాగుండదు. భోజనం ఎవరితో చెయ్యను? మొదటి రోజే ఉండమని అనాల్సింది. మంచిదే అన్నాను. మంచిది కాదు. నాకు మీరు కావాలి."

ఏడ్చేశాను కూడా, వంటింట్లో నిలబడి. ఇంత వయసొచ్చాక. ఆవిడ ఫోన్ తీసుకుని గదిలోకి వెళ్ళి తలుపు వేసుకున్నారు. లోపల ఎవరితోనో మాటలు వినపడ్డాయి. ఏమన్నారో తెలియదు. రోజంతా నాతో పలకలేదు. వడ్డించారు, తిన్నాను, అంతే.

జూన్ 29, శనివారం

ఇవాళా మాటల్లేవు. పొద్దున్నే కిందికి వెళ్ళి మధ్యాహ్నం దాకా రాలేదు. పెద్దావిడ విషయంలో తలదూర్చాను, కోపం రాదా మరి. వెళ్తే వెళ్ళనీ.

కాదు. వెళ్ళకూడదు.

జూన్ 30, ఆదివారం

చెత్త పారేసి లిఫ్టెక్కాను. ఒకటో అంతస్తులో టీచరమ్మ ఎక్కింది. నన్ను చూడగానే రెండడుగులు వెనక్కి వేసింది, భయపడినట్టు. తర్వాత ఆగలేక దగ్గరికొచ్చింది.

"ఏమ్మా, ఇంత మెత్తగా కనపడతావు. ఆ ఓనరు ఫోన్ చేస్తే మీ అత్తగారి చేతిలోంచి ఫోన్ లాక్కుని, మా అత్తయ్యని అడగడానికి నీకెన్ని గుండెలు అని నానా మాటలూ అన్నావట కదా?"

"ఎవరు చెప్పారండీ?"

"ఇంకెవరు, మీ అత్తగారే. నిన్న బెంచీ మీద ఒకసారి చెప్పారు, వినని వాళ్ళ కోసం ఇవాళ మళ్ళీ చెప్పారు. పళ్ళ డాక్టరు కూడా దిగొచ్చి విన్నాడు. నన్ను గుమ్మం దాటనిస్తే కదమ్మా అది, రౌడీ పిల్ల, ఇక చచ్చినా ఎక్కడికీ పోనివ్వదు అని ఆవిడ ఒకటే మురిసిపోవడం. రేపట్నుంచి అరువు కొట్టులో కూర్చుంటారట కూడా." ఇంకా దగ్గరికి జరిగింది. "నిజంగానే ఆ ఫోన్ నేలకేసి కొట్టావా?"

లిఫ్టు ఆగింది. తలుపు తెరుచుకుంది. ఎదురుగా మా గుమ్మం, లోపల్నుంచి అత్తయ్య ఫోన్‌లో ఎవరితోనో గట్టిగా మాట్లాడుతున్న గొంతు. అది టీచరమ్మకి వినపడకుండా నేను గొంతు పెంచాను.

"కొట్టానండీ. నాలుగు ముక్కలైంది" అన్నాను.